అంతర్వేది త్రోవలో మరలిన పల్లకి

మ్రొక్కుకొని బయలుదేరిన క్షేత్రమునకు సగము దూరము పోయి, స్వామిని సేవింపకయే మరలివచ్చుట తగునా? యాత్రికుల నెవరి నడిగినను తగదనియే చెప్పుదురు. సంకల్పించిన కార్యమును నడుమ విడువరాదని పాఠశాలలో మా గురువులు చెప్పిరి. నేనును ముప్పదియైదేండ్లు విద్యార్థులకు అట్లే చెప్పితిని. అయినను కోనసీమలో ఒక యిల్లాలు అట్లు మరలివచ్చినది. అందులకు ఆ సీమవారు నేటికిని ఆమెకు చేతులు జోడించుచున్నారు. భాగవతోత్తములారా! ఈ మాసమున ఆ తల్లి కథను చెప్పదలచితిని. చెప్పుటకు నాకు వేరొక కారణమును కలదు. దానిని దాచుకొనను, తరువాత చెప్పుదును.

ఆ యిల్లాలి పేరు డొక్కా సీతమ్మ. 1841లో గోదావరి సీమలోని మండపేటయందు అనుపిండి భవానీశంకరము, నరసమ్మ దంపతులకు జన్మించెను. తండ్రి అడిగినవారికెల్ల అన్నము పెట్టెడివాడు గనుక ఊరివారు ఆయనను ‘బువ్వన్న’ అని పిలిచెడివారట. బిరుదములలో ఇంతకన్న మధురమైనది నాకు తోచదు. తల్లి ముందుగనే గతించుటచే వంటయిల్లు ఆ బాలిక చేతికి వచ్చెను. లంకల గన్నవరమునకు చెందిన డొక్కా జోగన్నపంతులు ఒకనాడు భోజనవేళకు మండపేట చేరి, ఆ యింట అతిథి అయ్యెను. తండ్రి ఆదరించిన తీరు, కూతురు వడ్డించిన తీరు ఆయన మనసున నిలిచిపోయినవి. పిమ్మట ఆమెనే అడిగి పెండ్లాడెను. జాతకములు చూచి కుదుర్చుకొన్న సంబంధములు వేనవేలు కలవు. ఇది విస్తరిముందు కూర్చుండి కుదుర్చుకొన్న సంబంధము.

గన్నవరము వైనతేయ గోదావరి యొడ్డున నున్నది. ఇప్పుడు వంతెనలమీద బస్సులు నిమిషములలో ఆవలి యొడ్డునకు చేరుచున్నవి గాని, ఆ దినములలో కోనసీమ యనగా నీటి నడుమ నేల. ఎటు పోవలెనన్నను ఏదో యొక పాయను పడవమీద దాటవలెను. పడవ ఈ యొడ్డున నుండగా బాటసారి ఆ యొడ్డున చేరును. పెనుగాలి వీచినచో పడవ కదలదు. వరద వచ్చినచో దినముల తరబడి అక్కడనే పడియుండవలెను. పూటకూటింట డబ్బిచ్చి తినగలవారు ఎందరుందురు? అట్టి రేవు చెంత కాపురము పెట్టిన గృహస్థునకు అతిథులనగా పండుగకు వచ్చు చుట్టములు కారు. ప్రతిదినమును, పిలువకుండ, వేళ కాని వేళ వచ్చి గుమ్మమున నిలుచువారు.

ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైనప్పటికి సీతమ్మ పదునొకండేండ్ల బాలిక. కాలువలు పారి డెల్టా పొలములు పండసాగినవి. జోగన్నగారు పెద్ద కమతముగల వ్యవసాయదారుడు. ధాన్యము గాదెలు నిండుటకు ఆనకట్ట కారణము కావచ్చును గాని, నిండినది గాదెలో నుండిపోక విస్తరిలోనికి వచ్చుటకు మాత్రము ఆ దంపతుల మనస్సే కారణము.

అన్నదానమని మనము ఒక్క మాటలో అనివేయుదుము. చందా పుస్తకములో సంఖ్య వ్రాసి సంతకము చేసినవారు కూడ అన్నదానము చేసితిమనియే చెప్పుకొందురు, అదియు మంచిదే. కాని బియ్యపు మరలు లేని కాలమున నూరు విస్తళ్ళకు వండుట యెట్టిదో ఒక్కసారి తలచి చూడుడు. వడ్లు దంచవలెను, చెరుగవలెను. నూతినుండి బిందెలకు బిందెలు నీరు తోడవలెను. వానకాలమున తడిసిన కట్టెలను ఊది ఊది మండింపవలెను. ఆకులు కుట్టవలెను. తిన్న విస్తళ్ళు తీసి, అలికి, మరల వేయవలెను. అంతయు ముగిసి నడుము వాల్చినపుడు వీథి తలుపు తట్టిన చప్పుడగును. ఆరిన పొయ్యి మరల రాజేయవలెను. పసిబిడ్డకు పాలు, జ్వరము తగిలినవానికి పథ్యము వేరుగా చూడవలెను. ఇది ఒకనాటి ఉత్సవము కాదు. దశాబ్దుల తరబడి, ముసలితనము వచ్చువరకు సాగిన దినచర్య. తినిపోయినవారి పేర్లు ఎక్కడను వ్రాసియుంచలేదు. వారి కులగోత్రములు ఆమె అడుగలేదు.

ఒక వరదరాత్రి నది నడుమ లంకనుండి ఆకలి కేకలు వినవచ్చినవట. చీకటి, పోటెత్తిన గోదావరి. ఆమె ఊరకుండలేక వండి మూట కట్టగా, భర్త ఆ అన్నమును పడవమీద లంకకు చేర్చెనని అక్కడివారు చెప్పుకొందురు. ఈ కథ చెప్పువారందరు ఆమెనే కొనియాడుదురు గాని, పడవ యెక్కిన జోగన్నగారిని నేను మరువలేను. భార్య మాటను ఆజ్ఞగా గైకొని అర్ధరాత్రివేళ గోదావరిమీదికి పోయిన భర్త, శాస్త్రము చదివినవారిలో నాకు ఎక్కువగా కనబడలేదు. 1903 ప్రాంతమున, ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేక సందర్భమున, దొరతనమువారు ఆమె ఛాయాచిత్రమును కోరిరనియు, పేరుకోసము చేసిన పని కాదని ఆమె ఒల్లకపోగా, పటము పంపనిచో నా ఉద్యోగమే పోవునని వచ్చిన అధికారి ప్రాధేయపడుటచే ఒప్పుకొన్నదనియు ప్రతీతి. చూడుడు, అక్కడను ఆమెను కదలించినది చక్రవర్తి గౌరవము కాదు, ఎదుటివాని కూటి చింత.

ఇక అంతర్వేది మాట. అంతర్వేది సముద్రతీరమున వెలసిన లక్ష్మీనృసింహ క్షేత్రమని మీకు తెలిసినదే. గన్నవరమునకు దూరమేమియు కాదు. అయినను ఏండ్లు గడచినను ఆమెకు తీరిక చిక్కలేదు. తుదకు ఒకనాడు స్వామిని సేవింప సంకల్పించి పల్లకిలో బయలుదేరెను. నడుమ బోయీలు అలసట తీర్చుకొనుటకు ఒకచోట పల్లకి దించిరి. ఆ చెంతనే ఎదురు దిక్కుగా పోవు పెండ్లిబృందమొకటి విశ్రమించియుండెను. పిల్లలు ఆకలికి ఏడ్చుచున్నారు. పెద్దలు వారిని ఓదార్చుచు, ‘ఇంకెంతో దూరము లేదు, గన్నవరము చేరినచో సీతమ్మగారి యింట కడుపునిండ భోజనము చేయవచ్చును’ అనుకొనుట ఆమె చెవిని పడెను. పల్లకిలోనిది ఎవరో వారికి తెలియదు. ఆమె చెప్పలేదు. బోయీలను పిలిచి పల్లకిని వెనుకకు త్రిప్పుమనెను. వారికంటె ముందుగా ఇల్లు చేరి పొయ్యి రాజేసెను. వారు వచ్చునప్పటికి విస్తళ్ళు వేసియున్నవి.

ఆమె సంకల్పభంగము చేసినదా? ఈ ప్రశ్నకు సమాధానమును శ్రీమద్భాగవతము దశమస్కంధములో వెదకవలెను. గోపబాలురు అడవిలో ఆకలిగొని కృష్ణునితో చెప్పుకొనిరి. సమీపమున బ్రాహ్మణులు స్వర్గమును కోరి ఆంగిరససత్రము చేయుచున్నారు. స్వామి బాలురను అచ్చటికి పంపెను. ఆ వేదవేత్తలు ఔననలేదు, కాదనలేదు; విననట్లు ఊరకుండిరి. స్వామి నవ్వి, ఈసారి వారి పత్నులయొద్దకు పొమ్మనెను. ఆ తల్లులు మాట వినగానే చతుర్విధాన్నములను పాత్రలకెత్తుకొని, భర్తలు, అన్నదమ్ములు, బిడ్డలు అడ్డగించినను ఆగక యమునాతీరమునకు నడచిరి. యజ్ఞశాలలో మంత్రము తప్పిపోలేదు, స్వరము తప్పిపోలేదు; యజ్ఞపురుషుడు మాత్రము తప్పిపోయెను. ఆయన ఆకలిగొన్న పసులకాపరుల నడుమ కూర్చుండియుండెను. అది ఆడువారికి తెలిసినది.

పిమ్మట ఆ విప్రులు పశ్చాత్తాపపడిరి. వీరికి ఉపనయనము లేదు, గురుకులవాసము లేదు, తపస్సు లేదు, అయినను వీరికి కలిగిన భక్తి మాకు కలుగలేదని తమ చదువును తామే నిందించుకొనిరి. ఈ ఘట్టమును నేను పలుమారులు పురాణముగా చెప్పితిని, శ్రోతలు కన్నీరు పెట్టిరి. కాని దాని తరువాతి మాటను ఎల్లప్పుడును తేల్చి చెప్పెడివాడను: అంత పశ్చాత్తాపపడియు ఆ విప్రులు కంసుని భయముచే స్వామి దర్శనమునకు పోలేదు! తప్పు తెలిసికొనుట వేరు, లేచి నడచుట వేరు. ఈ వయస్సున ఆ మాట నాకు ముల్లువలె తగులుచున్నది.

మన ఆచార్య పరంపరలోను ఈ విషయమున దృష్టాంతములు కలవు. కూరత్తాళ్వాన్ కంచి చెంతనున్న కూరములో ప్రభువువలె బ్రదికి అన్నార్తులను ఆదరించుచుండగా, రాత్రి ఆయన యింటి తలుపులు మూయు ధ్వని కంచి వరదరాజుని సన్నిధివరకు వినబడెడిదట. అట్టి ఐశ్వర్యమును విడిచి శ్రీరంగము చేరిన పిమ్మట ఆ యింటనే ఒక వానదినమున భిక్ష దొరకక దంపతులు పస్తుండిరి. కోవెలలో ఆరగింపు గంట విని ఆయన ఇల్లాలు ఆండాళమ్మ, నీ భక్తుడు పస్తుండగా నీవు ఆరగించుచున్నావా యని మనసులో అనుకొన్నదట. వెంటనే రంగనాథుడు ప్రసాదమును పంపెను. ఆ ప్రసాదఫలముగా ఆమె పరాశరభట్టరును, వేదవ్యాసభట్టరును కనెను. తనకొరకు ఆమె అడుగలేదు. భగవత్కైంకర్యముకంటె భాగవతకైంకర్యము మిన్నయని పెద్దలు చెప్పినది ఇట్టివారిని చూచియే. సీతమ్మగారిని ఏ సంప్రదాయమునకు చెందినదని విచారింప నక్కరలేదు. ఆనాడు పల్లకిని త్రిప్పిన చోటనే ఆమెకు నృసింహుని సేవ లభించినదని నా విశ్వాసము.

ఇప్పుడు నా మాట చెప్పుదును.

మా యిల్లు గోపాలపట్నములో, సింహాచలము రైల్వేస్టేషనుకు సమీపమున నున్నది. రైలు దిగి అప్పన్నస్వామిని సేవింపబోవు యాత్రికులు, శ్రీకాకుళమునుండి, ఒడిశానుండి వచ్చువారు, మా వీథి అరుగుమీద కూర్చుండెడివారు. నా సహధర్మచారిణి (పేరు చెప్పుట మా తరమువారికి అలవాటు లేదు) వారిని ఊరక పోనిచ్చెడిది కాదు. ఆమెకు ఒడియా భాష రాదు. అయినను నీటికి, అన్నమునకు, కూర్చుండుమనుటకు మూడు మాటలు నేర్చుకొన్నది: పాణి, భాతొ, బొసొ. మూడు మాటలతో ముప్పది యేండ్లు నడిపినది. నేను పదునాలుగేండ్లు వ్యాకరణము చదివితిని. ఆ భాషలో ఒక్క మాటయైన నాకు పట్టువడలేదు. ప్రతిదినమును ఇంటివారికి కొలిచిన బియ్యముపైన మరియొక పిడికెడు వేసెడిది. మా అమ్మాయి చిన్నప్పుడు, “అది ఎవరికమ్మా?” అని అడిగినది. “వచ్చేవాళ్ళకి.” “ఎవరొస్తారు?” “వస్తే తెలుస్తుంది.” ఆ పిల్ల ఇప్పుడు దూరదేశమున కాపురమున్నది, అచ్చటను పిడికెడు బియ్యము ఎక్కువ పోయుచున్నానని ఫోనులో చెప్పినది.

నాకు ఇది అంతగా రుచించెడిది కాదు. మడి చెడునని, పారాయణకు భంగమగునని విసుగుకొనెడివాడను. అతిథిని దైవముగా చూడవలెనన్న ఉపనిషద్వాక్యమునకు భాష్యము చెప్పి ఇంటికి వచ్చి, అరుగుమీది చెప్పులను చూచి మొగము చిట్లించెడివాడను. ఆమె బదులు చెప్పెడిది కాదు. “వెనక ఇంకా ఎవరైనా వస్తున్నారా?” అని యాత్రికుల నడిగి, లోపలికి పోయి, మరికొంత మజ్జిగ కలిపెడిది.

ఒక ఆషాఢ చతుర్దశినాడు గిరిప్రదక్షిణము చేయుదమని ఆమెయే కోరినది. అన్ని యేండ్లలో తన కొరకు కోరినది అదియొక్కటియే. తొలిపావంచావద్ద కొబ్బరికాయ కొట్టి అడవివరము మీదుగా బయలుదేరితిమి. ముప్పది రెండు కిలోమీటర్ల త్రోవ. హనుమంతవాక, సముద్రపు గాలి, మాధవధార, ఎన్.ఎ.డి. కూడలి గడచి గోపాలపట్నము చేరునప్పటికి అర్ధరాత్రి దాటినది. మూడువంతుల ప్రదక్షిణము ముగిసినది. మిగిలినది కొలది దూరమే. మా వీథి మొగలో ఆమె ఆగినది. మా అరుగుమీద ఒక ముసలమ్మ వాచిన పాదములు పట్టుకొని కూర్చుండియున్నది. ప్రక్కన ఇద్దరు పిల్లలు.

“మీరు నడుస్తూ ఉండండి. వీళ్ళకి కాసింత ఉడకేసి వస్తాను,” అన్నది.

“సగములో విడుచుట దోషము. ప్రదక్షిణము భంగమగును. తెలియదా?” అంటిని.

ఆమె నడుమున దోపిన తాళపుచెవి తీసి తలుపు తెరచినది. నేను నడచిపోయితిని. జనులతో కలిసి గోవిందనామములు చెప్పుచు, ప్రహ్లాదపురము మీదుగా పోయి ప్రదక్షిణము పూర్తి చేసితిని. తెల్లవారి స్వామిని సేవించి, శఠారి శిరసున ధరించి, సంకల్పము నెరవేర్చితినను సంతోషముతో ఇంటికి వచ్చితిని. అరుగునిండ, నడవనిండ మనుషులు నిదురించుచున్నారు, లెక్కించితిని, పదునలుగురు. ఆమె పొయ్యివద్ద కూర్చుండి కునుకుచున్నది. నా అడుగుల చప్పుడు విని లేచి, “స్వామిని బాగా చూశారా? నా పేర కూడా ఒక దండం పెట్టారా?” అని అడిగినది.

నేను పెట్టలేదు. జ్ఞప్తికే రాలేదు. “పెట్టితిని” అని అబద్ధమాడితిని.

సింహాద్రినాథుడు ఏడాది పొడవునను చందనపు పూతలో నుండును. వైశాఖ శుద్ధ తదియనాడు మాత్రమే నిజరూపము కనబడును. ఆ ఒక్క దినమునకు లక్షలమంది బారులు తీరి నిలుతురు. నేనును ఏటేట నిలిచితిని. నా యింటనున్న నిజరూపమును చూచుటకు మాత్రము నాకు ఆమె పోయినదాక తీరిక లేకపోయెను. 2018 కార్తికమున ఆమె పరమపదించినది.

2020 మే 7వ తేది తెల్లవారుజామున మా ప్రక్కనున్న వేంకటాపురములోని కర్మాగారమునుండి విషవాయువు వెలువడిన సంగతి మీకు తెలియును. పండ్రెండుగురు ప్రాణములు కోల్పోయిరి. కన్నులు మండుచుండగా, ఊపిరి ఆడక, కట్టుబట్టలతో వీథులలోనికి పరుగెత్తితిమి. అబ్బాయి నన్ను స్కూటరుమీద కూర్చుండబెట్టుకొని అడవివరమువైపు తీసికొనిపోయినాడు. అది కరోనా వ్యాధి దినములు. చుట్టమునైనను గడప త్రొక్కనీయని కాలము. నేను ఒక చిన్న యింటి ముందు కూలబడితిని. స్నానము లేదు, సంధ్య లేదు, ఉత్తరీయమైనను లేదు. ఆ యింటి ఆడకూతురు చాప తెచ్చి వేసినది. “కూకోండి బాబూ. ముందు కాసిన్ని నీళ్ళు తాగండి,” అని, పిమ్మట గంజిలో ఉప్పు వేసి తెచ్చినది. అరువదేండ్లు పరాన్నమెరుగని నేను రెండుచేతులతో ఆ గిన్నె నందుకొని త్రాగితిని. ఆమె నా ఊరడుగలేదు, కులమడుగలేదు. నా వెనుకనున్న త్రోవవైపు చూచి, “మీ ఎనకాల ఇంకా ఎవరైనా వత్తన్నారా?” అని అడిగినది.

ఆ మాట విని నేను ఏడ్చితిని. పొగచేత కన్నులు మండి ఏడ్చుచున్నాననుకొని ఆమె తడిగుడ్డ తెచ్చి యిచ్చినది.

సీతమ్మగారు 1909లో కీర్తిశేషురాలైనది. గన్నవరములో వైనతేయమీద కట్టిన క్రొత్త అక్విడక్టుకు ఆమె పేరు పెట్టినారు. 2024లో మన రాష్ట్రప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్నభోజన పథకమునకును ఆమె పేరే పెట్టినది. బువ్వన్న కూతురి పేర బిడ్డలు అన్నము తినుచున్నారు, సంతోషము. పేరు లేనివారు, పటము లేనివారు, ప్రతి వీథిలోను ఒకరిద్దరు ఉందురు. వారిని గూర్చి వ్రాయువారు ఉండరు. ఎదురుగా కూర్చుండి తినుచున్న భర్తకు కూడ వారు కనబడరు.

ఇప్పుడు నా మోకాళ్ళు ప్రదక్షిణమునకు పనికిరావు. ఆషాఢ చతుర్దశి రాత్రి కోడలు మజ్జిగ కలిపి యిచ్చును. నేను అరుగుమీద కూర్చుండి చెంబులతో పోయుదును. మొదటి యేట నా చేయి వణకి సగము నేలపాలైనది. ఇప్పుడు కొంత అలవాటైనది. గత సంవత్సరము అర్ధరాత్రివేళ ఒక వృద్ధురాలు వచ్చి నన్ను పరకాయించి చూచినది.

“బాబూ, ఇక్కడ ఓ అమ్మగారుండేవోరు. ఓపాలి నా కాళ్ళు వాచిపోతే ఏన్నీళ్ళు కాపడం పెట్టి అన్నమెట్టింది. ఏరీ ఆయమ్మ?”

లేదని చెప్పుటకు నాకు నోరు రాలేదు. కూర్చుండుమని చాప చూపించి మజ్జిగ పోసితిని. ఆమెకు అర్థమైనది. త్రాగి, చెంబు దించి, చీకటిలో దీపములు వెలుగుచున్న కొండవైపు తిరిగి చేతులు జోడించినది.

“రేపు సామిని సూసినప్పుడు ఆయమ్మ పేర కూడా ఓ దండం పెడతాను బాబూ,” అని చెప్పి, కఱ్ఱ ఊతగా పట్టుకొని జనములో కలిసి నడచిపోయినది.